చల్లారిన ఇంజన్‌లోనే వినిపించే టకటక: నా అనుభవం

సెకండ్ హ్యాండ్ కారు కొన్న మరునాడు ఉదయం స్టార్ట్ చేయగానే బానెట్ కింది నుంచి టకటకమని ఒక శబ్దం వినిపించింది. ముందురోజు ఆ కారును దాదాపు గంటసేపు నడిపి చూసినప్పుడు అలాంటిదేదీ నా చెవిన పడలేదు. మూడు నాలుగు నిమిషాలు గడిచేసరికి ఆ శబ్దం క్రమంగా సన్నగిల్లి, ఇంజన్ బాగా వేడెక్కాక దాదాపు మాయమైంది. రాత్రంతా కదలకుండా ఉన్న బండి కదా అని మొదటి రోజు సరిపెట్టుకున్నాను. మూడో ఉదయం కూడా అదే శబ్దం అదే తీరున, అంతే సేపు వినిపించేసరికి ఇక సరిపెట్టుకోవడం కుదరలేదు.

అప్పుడే ఒక సంగతి గుర్తుకొచ్చింది. కారు చూడటానికి వెళ్లిన రోజు, నేను చేరేసరికే అమ్మకందారు దాన్ని స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచాడు. బానెట్ ఎత్తబోయినప్పుడు రేకు వెచ్చగా తగిలింది. ముందుగానే కడిగి, తుడిచి, కాస్త తిప్పి ఉంచాడు కాబోలు, మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. ఆయన ఉద్దేశం ఏమిటో నేను చెప్పలేను. కానీ వేడి ఇంజన్‌లో వినిపించని శబ్దాలు అనేకం ఉంటాయని, కొనబోయే కారును పూర్తిగా చల్లారిన స్థితిలో మన ఎదుటే స్టార్ట్ చేయించాలని అప్పటికి నాకు తెలియదు.

నా కారుది నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, ఒక్కో స్పార్క్ ప్లగ్‌కు విడి కాయిల్ (ప్లగ్‌కు అధిక వోల్టేజీ అందించే తీగచుట్ట), గేర్లు చేత్తో మార్చేవి. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది: తరువాత చేసిన పరీక్షల్లో కొన్ని ఈ అమరిక ఉండబట్టే సులువయ్యాయి.

మొదట ముగ్గురు మెకానిక్కులకు చూపించాను, ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. మొదటాయన పది సెకన్లు విని, "సార్, ఇది రాడ్ బేరింగ్ సౌండు, ఇంజన్ దింపాల్సిందే" అన్నాడు. పిస్టన్‌ను కింది ఇరుసుకు, అంటే క్రాంక్ షాఫ్ట్‌కు, కలిపే కడ్డీ చివరి బేరింగు అది. రెండో ఆయన నవ్వి, అవి ఉత్త టాపెట్లని (వాల్వులను నొక్కి తెరిచే భాగాలు), గ్యాప్ సెట్ చేస్తే పోతుందని ధైర్యం చెప్పాడు. మూడో ఆయన దగ్గరికి వెళ్లేసరికి దారిలోనే ఇంజన్ వేడెక్కి శబ్దం ఆగిపోయింది. అయినా ఆయన నా వర్ణన విని, చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడు. ఆ మూడో సలహా నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. చిక్కటి ఆయిల్ అరిగిన భాగాల మధ్య సందును కాసేపు మెత్తగా నింపి చప్పుడును కప్పిపుచ్చుతుందే తప్ప, ఆ సందును తగ్గించదు. పైగా, సన్నని ఆయిల్ కోసం తయారైన ఇంజన్‌లో చల్లని ఉదయం చిక్కటి ఆయిల్ పోస్తే అది పై భాగాలకు చేరడమే ఆలస్యమవుతుంది. కారు అమ్మేముందు ఈ ఉపాయం వాడేవాళ్లున్నారని కూడా అదే రోజు విన్నాను.

ఆ ముగ్గురినీ తప్పుపట్టలేను, ఎందుకంటే నేను వారికి ఇచ్చిన సమాచారం అంత తక్కువ. మన భాషలో శబ్దాలకు మాటలకు కొదవ లేదు: టకటక, కటకట, గరగర, గలగల, కిచకిచ, బుసబుస, ఠంగుఠంగు. అయితే నేను టకటక అన్నదాన్ని ఒక మెకానిక్ కటకట అన్నాడు, పక్కన కూర్చున్న మా తమ్ముడు అదే శబ్దాన్ని చిటచిట అన్నాడు. ముగ్గురం విన్నది ఒకటే. శబ్దం ఎలా ఉందన్నది చెప్పేవాడి చెవిని బట్టి మారుతోంది కనుక, అది ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తే మారుతోంది అన్నవి రాసిపెట్టుకోవడం మేలనిపించింది. ఒక చిన్న నోటు పుస్తకం కారులోనే పెట్టుకున్నాను.

వారం రోజుల రాతల్లో కొన్ని సంగతులు గట్టిగా నిలిచాయి. చల్లని స్టార్టింగ్‌లో శబ్దం తప్పకుండా వస్తోంది. యాక్సిలరేటర్ నొక్కితే దాని వేగం ఇంజన్ వేగంతో పాటే పెరుగుతోంది. క్లచ్ నొక్కినా వదిలినా తేడా లేదు, కాబట్టి గేర్‌బాక్స్ ముందరి బేరింగును, క్లచ్ రిలీజ్ బేరింగును పక్కన పెట్టవచ్చు. కారు నిలబడి ఉన్నా వస్తోంది, కాబట్టి చక్రాలతో సంబంధం లేదు. అయితే ఒక్క విషయంలో నా రాతలు ఒకదానికొకటి పొసగలేదు. కొన్ని రోజులు "వేడెక్కాక పూర్తిగా పోయింది" అని రాశాను, మరికొన్ని రోజులు "వేడెక్కాక కూడా ముందువైపు ఏదో మిగిలింది" అని రాశాను. సరిగ్గా వినలేదేమోనని నన్ను నేనే అనుమానించుకున్నాను. అసలు సంగతి తేలడానికి మరికొన్ని రోజులు పట్టింది.

పరీక్షలన్నింటిలోకీ చవకైనది, చాలామంది మరిచిపోయేది, ఆయిల్ చూడటం. కారును సమతల నేల మీద ఉంచి, ఇంజన్ ఆపిన కొంతసేపటికి డిప్‌స్టిక్ తీసి చూశాను. మట్టం రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకు దగ్గరగా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే రవ్వలేమీ తగల్లేదు, తెల్ల కాగితం మీద వేసి ఎండలో చూస్తే లోహపు తళుకు కనిపించలేదు. బేరింగు అరుగుతున్న ఇంజన్ ఆయిల్‌లో, ఫిల్టర్ మడతల్లో సన్నని మెరిసే పొడి చేరుతుంది. నేను ఆయిల్‌ను, ఫిల్టర్‌ను ఎలాగూ మార్చదలచాను కనుక, పాత ఫిల్టర్‌ను కోయించి మడతలు విప్పి చూశాను. నల్లటి మసి తప్ప ఏమీ లేదు. మొదటి మెకానిక్ మాట నిజం కాకపోవచ్చన్న ఆశ అక్కడ చిగురించింది. అయితే రవ్వలు లేనంత మాత్రాన బేరింగు బాగున్నట్టు రుజువు కాదు కాబట్టి ఆశను ఆశగానే ఉంచుకున్నాను.

తరువాత బెల్టు. ఇంజన్ ముందు భాగంలో ఒకే పొడవాటి బెల్టు ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను, వాటర్ పంపును తిప్పుతుంది. దాన్ని బిగువుగా ఉంచడానికి ఒక టెన్షనర్, దారి మళ్లించడానికి ఒక ఐడ్లర్ పుల్లీ ఉంటాయి. వీటిలో ప్రతిదానికీ ఒక బేరింగు ఉంటుంది, ప్రతి బేరింగూ ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. ఏది మోగుతోందో వెతకడం కంటే, అన్నింటినీ ఒక్కసారి ఆపేసి వినడం తేలిక. ఒక ఉదయం ఇంజన్ చల్లగా ఉండగానే టెన్షనర్‌ను పానాతో తిప్పి బెల్టు తీసేసి, స్టార్ట్ చేశాను. వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద ఆధారపడి ఉంది కనుక నిమిషం లోపే ఆపేయాలి. ఆల్టర్నేటర్ తిరగదు కాబట్టి బ్యాటరీ లైటు వెలగడం మామూలే.

ఆ నిమిషంలో విన్నది నన్ను ఆశ్చర్యపరిచింది. టకటక అలాగే ఉంది, కానీ దాని వెనుక ఇన్నాళ్లూ ఉన్నదని నేను గుర్తించని ఒక గరగర మాయమైంది. అంటే శబ్దాలు రెండు. ఒకటి వేడెక్కితే పోయేది, రెండోది ఎప్పుడూ ఉండేది. రెండూ కలిసి మోగుతుంటే నేను ఒకటిగా విని, నోటు పుస్తకంలో పొసగని రాతలు రాస్తూ వచ్చాను. ఇంజన్ ఆపి పుల్లీలను ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూస్తే, ఐడ్లర్ పుల్లీ ఇసుక పోసినట్టు గరుకుగా తిరిగింది. బాగున్న బేరింగు గ్రీజు నిరోధం వల్ల కొద్దిగా బరువుగా, నునుపుగా తిరిగి ఆగుతుంది. ఇది చక్రంలా చాలాసేపు గిరగిరా తిరిగింది, అంటే లోపలి గ్రీజు ఎండిపోయిందన్నమాట. దాన్ని మార్చడానికి ఒక్క బోల్టు విప్పితే సరిపోయింది. ఆ రోజు నుంచి నా రాతల్లో గందరగోళం పోయింది: టకటక చల్లని ఇంజన్‌లో మాత్రమే వస్తోంది, వేడెక్కాక లేదు.

ఇక మిగిలిన టకటక ఎక్కడిదో చెవితో పట్టుకోవాలని చూశాను. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించి వినడం మెకానిక్కుల పాత పద్ధతి. తిరుగుతున్న బెల్టుకు, ఎప్పుడైనా తనంతట తానే తిరగడం మొదలుపెట్టే రేడియేటర్ ఫ్యానుకు దూరంగా, చేతులకు వదులు బట్టలు లేకుండా ఈ పని చేయాలి. పది చోట్ల ఆనించి విన్నాను. ఏడు చోట్ల వినిపించింది! గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళితే, ఉక్కులో 5000 మీటర్లకు పైగా వెళుతుంది. ఒక మూల పుట్టిన చప్పుడు ఇంజన్ దిమ్మంతటా ఒక్క క్షణంలో పాకిపోతుంది. పైన ఉన్న పలుచని కవరు, కింద ఆయిల్ నిలిచే సంపు డప్పుల్లా దాన్ని పెద్దది చేసి వినిపిస్తాయి. బాగా గట్టిగా వినిపించే చోటే పుట్టుక చోటని నమ్మి ఎంతమంది అనవసరంగా ఎన్ని కవర్లు విప్పారో అనిపించింది. నేను కూడా విప్పాను.

రెండో మెకానిక్ చెప్పిన టాపెట్ల మాట తేల్చుకోవడానికి పైకవరు తీయించి, సన్నని రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్‌తో పదహారు వాల్వుల గ్యాపులనూ కొలిపించాను. నా ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడితో తమంతట తాము సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు లేవు, గట్టి టాపెట్లే ఉన్నాయి. అందువల్ల టాపెట్లను శుభ్రం చేసే మందులు ఆయిల్‌లో కలపమన్న సలహాలన్నీ ఈ ఇంజన్‌కు వర్తించవు. పదహారు గ్యాపులూ మాన్యువల్‌లో ఇచ్చిన హద్దుల్లోనే ఉన్నాయి. చప్పుడు రాకుండా ఇంకాస్త బిగించమంటారా అని అక్కడి కుర్రవాడు అడిగాడు, వద్దన్నాను. గ్యాపు ఎక్కువైతే చప్పుడు వస్తుంది, మనం జాగ్రత్తపడతాం. గ్యాపు మరీ తక్కువైతే వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోక, ఒక్క చప్పుడైనా చేయకుండా అంచున కాలిపోతుంది.

ఈ దశలో నాకు బాగా పనికొచ్చింది చేతిలోని ఫోను. చల్లని ఇంజన్ 1200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర నిలకడగా తిరుగుతున్నప్పుడు శబ్దాన్ని రికార్డు చేసి, తరంగ రూపం చూపించే ఒక యాప్‌లో సాగదీసి చూశాను. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఒక్కో సిలిండర్‌లో మంట కూడా రెండు చుట్లకు ఒక్కసారే పుడుతుంది. 1200 ఆర్‌పీఎం అంటే సెకనుకు 20 చుట్లు, అయిదు సెకన్లకు 100. శబ్దం క్రాంక్ ప్రతి చుట్టుకీ వస్తుంటే అయిదు సెకన్లలో 100 గీతలు కనిపించాలి. ఒకే వాల్వు వల్లనో, ఒకే సిలిండర్‌లోని మంట వల్లనో వస్తుంటే 50 కనిపించాలి. నాలుగు సిలిండర్లలోనూ వస్తుంటే 200 కావాలి. తెర మీద పెద్ద గీతలను వేలితో జరుపుతూ లెక్కించాను. ఒకసారి 49, ఇంకోసారి 51 వచ్చాయి.

ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. మొదటిసారిగా ఈ శబ్దం గురించి ఎవరి చెవితోనూ నిమిత్తం లేని ఒక సంగతి తెలిసింది: పుట్టుక ఒక్క చోటే, అది రెండు చుట్లకు ఒకసారి మోగుతోంది. అయితే ఇది ఒక్కటే తీర్పు ఇవ్వదు. ఒక వాల్వు భాగమైనా కావచ్చు, మంట ఒత్తిడికి సంబంధించినదైనా కావచ్చు. రాడ్ బేరింగు కూడా మంట పుట్టిన చుట్టులోనే గట్టిగా కొట్టి, రెండో చుట్టులో మెల్లగా కొట్టవచ్చు.

వాల్వు వైపుదో, మంట వైపుదో విడదీయడానికి ఒక సూటి పరీక్ష ఉంది. ఒక్కో సిలిండర్‌లో మంటను ఆపి వినడం. పాత రోజుల్లో ప్లగ్ వైరు పీకేవారు. నేను కాయిళ్ల జోలికి పోకుండా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీశాను. కాయిల్ తీస్తే మంట ఆగుతుంది గానీ పెట్రోలు మాత్రం సిలిండర్‌లోకి వస్తూనే ఉండి, కాలకుండా సైలెన్సర్ గొట్టంలోకి పోయి, అక్కడ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను విపరీతంగా వేడెక్కిస్తుంది. ఇంజెక్టర్ తీస్తే పెట్రోలే రాదు, పైగా అధిక వోల్టేజీ షాకు భయం ఉండదు. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. దాన్ని తరువాత, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌తో చెరపవచ్చు.

చిక్కల్లా సమయంతోనే. శబ్దం మూడు నాలుగు నిమిషాలే ఉంటుంది, మళ్లీ రావాలంటే ఇంజన్ పూర్తిగా చల్లారాలి. అంటే పరీక్షకు రోజుకు ఒక్క అవకాశమే. ఈ వెతుకులాటకు మొత్తం మూడు వారాలు పట్టిందంటే కారణం ఇదే. మొదటి ఉదయం ఒకటి, రెండు సిలిండర్లు ఆపాను. ఇంజన్ కుంటింది గానీ టకటక మారలేదు. రెండో ఉదయం మూడోది ఆపాను, మార్పు లేదు. దాన్ని తిరిగి తగిలించి నాలుగోది తీయగానే టకటక కోసినట్టు ఆగిపోయింది. మళ్లీ తగిలించాను, వచ్చింది. మళ్లీ తీశాను, పోయింది. గేర్‌బాక్స్ పక్కనున్న నాలుగో సిలిండర్! ఇన్నాళ్లూ నేను బెల్టు వైపు, అంటే సరిగ్గా అవతలి కొసన, చెవి పెట్టి వింటున్నాను.

ఆనందం ఎక్కువసేపు నిలవలేదు. మంట ఆపితే ఆగిపోయే శబ్దం అనగానే ఏ మెకానిక్ అయినా ముందు అనేది రాడ్ బేరింగు పేరే. మంట ఒత్తిడి పిస్టన్‌ను కిందికి నెట్టినప్పుడు అరిగిన బేరింగు క్రాంక్‌ను గుద్దుతుంది. మంట లేకపోతే ఆ దెబ్బ ఉండదు. మొదటి మెకానిక్ పది సెకన్లలో చెప్పినదే నిజమేమోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నోటు పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. అప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగాను: "వేడెక్కితే పోతోంది." వేడెక్కినకొద్దీ ఆయిల్ పలచబడుతుంది కనుక, రాడ్ బేరింగు చప్పుడు వేడితో పాటు పెరగాలి తప్ప తగ్గకూడదు. అయినా అనుమానం పూర్తిగా తీరాలని, ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి ఆ చోట గేజ్ బిగించి కొలిపించాను. బాగా వేడెక్కిన ఇంజన్ 800 ఆర్‌పీఎం దగ్గర 20 పీఎస్ఐకి (ఒత్తిడి కొలమానం) పైగా, 3000 దగ్గర 50 పీఎస్ఐకి దగ్గరగా చూపించింది. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. అంతకంటే మెరుగ్గానే ఉంది.

ఆటోమేటిక్ కారయితే ఇక్కడ మరో దొంగ ఉంటాడు. ఇంజన్‌ను గేర్‌బాక్స్ వైపున్న టార్క్ కన్వర్టర్‌తో కలిపే పలుచని ఫ్లెక్స్ ప్లేటుకు పగులు వచ్చినా అచ్చం రాడ్ బేరింగు పోయినట్టే మోగుతుందని, దానికోసం మంచి ఇంజన్లను విప్పినవాళ్లున్నారని గేజ్ బిగించిన పెద్దాయన చెప్పాడు. నా కారుకు ఆ బెడద లేదు.

మంట వల్ల పుట్టి, వేడికి మాయమయ్యే శబ్దాలు ఇక రెండే మిగిలాయి. ఒకటి, పిస్టన్ స్లాప్: చల్లగా ఉన్న పిస్టన్ తాను కదిలే బోరులో కాస్త వదులుగా ఉండి, మంట తోయగానే పక్క గోడను కొడుతుంది, అల్యూమినియం పిస్టన్ వేడికి వ్యాకోచించి సందు పూడగానే చప్పుడు ఆగుతుంది. రెండు, ఎగ్జాస్ట్ లీకు: సిలిండర్ల పైనుండే హెడ్‌కు, కాలిన వాయువులను సైలెన్సర్ గొట్టానికి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు మధ్య సన్నని సందు ఉంటే, వాల్వు తెరిచిన ప్రతిసారీ ఒత్తిడితో కూడిన వాయువు అందులోంచి ఫట్టున బయటికి వస్తుంది, మానిఫోల్డ్ వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుని శబ్దం ఆగుతుంది. మొదటిది అయితే ఇంజన్ విప్పాలి, రెండోది అయితే బయటి పని. లక్షణాల్లో ఇంత దగ్గర పోలిక, పనిలో అంత తేడా.

ఇక్కడ స్క్రూడ్రైవర్ కంటే రబ్బరు గొట్టం మేలు చేసింది. స్క్రూడ్రైవర్ లోహంలో పాకే శబ్దాన్ని అందిస్తే, ఖాళీ గొట్టం దాని కొస దగ్గరి గాలిలోని శబ్దాన్ని మాత్రమే చెవికి చేరుస్తుంది. మీటరు పొడవున్న గొట్టం ఒక కొసను చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను మానిఫోల్డ్ పొడవునా, వేడి రేకుకు తగలకుండా, మెల్లగా జరిపాను. మొదటి మూడు పోర్టుల (ఒక్కో సిలిండర్ వాయువు బయటికి వచ్చే ద్వారాల) దగ్గర మామూలు హోరు. నాలుగో పోర్టు చివరకు చేరగానే చెవిలో ఎవరో చిటికె వేస్తున్నట్టు ఫట్ ఫట్ మని స్పష్టంగా వినిపించింది. రెండంగుళాలు పక్కకు జరిపితే లేదు. ఇన్ని రోజుల్లో నాకు దొరికిన మొదటి నిర్దిష్టమైన చోటు అది.

కళ్లతో చూసి నిర్ధారించుకోవాలని మరుసటి ఉదయం ఇంజన్ స్టార్ట్ చేయకుండానే ఇంకో పరీక్ష చేశాను. గాలి బయటికి ఊదే అమరిక ఉన్న వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని సైలెన్సర్ చివర గుడ్డతో బిగించి, మెల్లగా గాలి ఊదుతూ, మానిఫోల్డ్ అతుకు మీద సబ్బు నీళ్లు చల్లాను. నాలుగో పోర్టు అంచున బుడగలు పొంగాయి. పైనున్న, వేడిని అడ్డుకునే రేకు విప్పితే సందు వెంబడి నల్లటి మసి చార కనిపించింది. మానిఫోల్డ్‌ను హెడ్‌కు పట్టి ఉంచే మరల కడ్డీ, అంటే స్టడ్, ఆ కొసన ఉండవలసిన చోట నట్టు లేదు, స్టడ్ కూడా లేదు. హెడ్ ఉపరితలానికి సమంగా విరిగిన తుప్పు ముఖం మాత్రం ఉంది.

అది ఎందుకు విరిగిందో ఆలోచిస్తే చివరి స్టడ్డే కావడం సహజమే అనిపించింది. హెడ్ అల్యూమినియంతో, మానిఫోల్డ్ పోత ఇనుముతో చేసినవి. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, కానీ మానిఫోల్డ్ హెడ్ కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ప్రతి స్టార్టింగ్‌కూ, ప్రతి చల్లారడానికీ రెండూ ఒకదాని మీద ఒకటి జరుగుతాయి; మధ్యలో ఆ జరుగుబాటు తక్కువ, కొసల్లో ఎక్కువ. అన్నేళ్ల ఆ ఒరిపిడిని కొసనున్న స్టడ్డే భరించాలి.

ఈ లీకు శబ్దంతో ఆగిపోయేది కాదని స్కానర్ చూపించింది. ఎగ్జాస్ట్ వాయువు అలలుగా పోతుంది కనుక, ఒక అలకూ మరో అలకూ మధ్య ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గి, అదే సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ముందున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ అదనపు ఆక్సిజన్‌ను చూసి, పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ మరింత పెట్రోలు పోస్తుంది. నా కారులో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలు మోతాదులో చేసుకునే సవరణ) సుమారు 9 శాతం అధికంగా ఉంది. కొన్నప్పటి నుంచి మైలేజీ తక్కువగా ఉందని చేసుకున్న ఫిర్యాదుకు ఇదీ ఒక కారణమై ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ బానెట్ కిందికి చేరి, ముందు అద్దం అడుగున ఉన్న గాలి ద్వారంలోంచి కారులోకి రావచ్చు. మరమ్మతు అయ్యేవరకు అద్దాలు దించే నడిపాను, దూర ప్రయాణాలు మానుకున్నాను.

విరిగిన స్టడ్‌ను నేను తీయడానికి సాహసించలేదు. విరిగిన ముక్కను తిప్పి బయటికి తీసే ఎక్స్‌ట్రాక్టర్ పెట్టి తిప్పేటప్పుడు అది గనుక లోపల విరిగితే, దాని గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు కోయలేదు. అప్పుడు హెడ్డే దింపవలసి వస్తుంది. ఈ పనిలో చెయ్యి తిరిగిన ఒక వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేసి, మరుసటి రోజు విరిగిన ముఖం మీద ఒక వాషరు, దాని మీద ఒక నట్టు వెల్డు చేసి, చల్లారనిచ్చి, పానాతో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఆడించాడు. మొదటి రెండు సార్లూ వెల్డు ఊడింది, మూడోసారి స్టడ్ కిర్రుమంటూ కదిలింది. వెల్డింగ్ వేడి తుప్పు పట్టును సడలిస్తుందని, అందుకే ఊడినా పని వృథా కాదని ఆయన చెప్పాడు.

స్టడ్లన్నీ, అతుకు మధ్య ఉండే గ్యాస్కెట్ కొత్తవి వేయించాను. బిగించేముందు మానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు ఆనించి వంకర ఉందేమో చూశారు. నాలుగో కొసన కొద్దిగా పైకి లేచి ఉంది, దాన్ని సానబట్టించారు. ఆ వంకర అలాగే ఉంచి బిగిస్తే కొత్త స్టడ్ కూడా పాతదాని దారే పట్టేది. నట్లను మధ్య నుంచి మొదలుపెట్టి రెండు కొసల వైపు, మూడు విడతలుగా, బిగువును కొలిచే టార్క్ రెంచితో బిగించారు. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోమన్నారు. వారం తరువాత చూస్తే రెండు నట్లు ఇంకా కాస్త తిరిగాయి. ఫ్యూయల్ ట్రిమ్ 2 శాతానికి దిగింది.

మరమ్మతు తరువాతి ఉదయం ఇంజన్ చల్లగా ఉండగా, అదే ఫోనుతో, అదే చోటు నుంచి, అదే 1200 ఆర్‌పీఎం దగ్గర మరోసారి రికార్డు చేశాను. అయిదు సెకన్లలో కనిపించిన ఆ పెద్ద గీతలు లేవు. వాటి స్థానంలో చిన్న చిన్న గీతలు ఒకే ఎడంలో వరుసగా కనిపించాయి. లెక్కిస్తే 200కు దగ్గరగా వచ్చాయి: నాలుగు ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునే చిరుచప్పుడు. పాత రికార్డు తీసి చూస్తే, ఆ పెద్ద గీతల నీడలో ఇవి అప్పుడూ ఉన్నాయి.